మంచు గుహలో రాయి ఎలా పుడుతుంది? నీళ్లు గడ్డకడితే చాలు!

బొర్రా గుహల్లో నీటి చుక్కలు పడీ పడీ రాతి స్తంభాలు తయారవడం తెలిసిందే. నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోగానే, కరిగి ఉన్న సున్నం కాల్సైట్ ఖనిజంగా పేరుకుంటుంది.

ఆస్ట్రియాలోని ఐస్‌రీసెన్‌వెల్ట్ మంచు గుహలోనూ కాల్సైటే పుడుతోంది. కానీ రూటు వేరు. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు తనలోకి ఖనిజాలను దాదాపుగా రానివ్వదు. దాంతో మిగిలిన నీటిలో వాటి గాఢత పెరిగిపోయి, ఇక ఇమడలేక బయటపడతాయి. పల్చటి నీటి పొర గబగబా గడ్డకడితే పిండిలాంటి పొడి వస్తుంది. అదే మంచు మధ్య నీటిగుంట మెల్లగా గడ్డకడితే, కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటర్ల సైజు స్ఫటికాలు ఏర్పడతాయి.

చూడ్డానికి మామూలు ఇసుక, గులకరాళ్లే. తొక్కుకుంటూ పోయినా ఎవరూ పట్టించుకోరు. సైంటిస్టులకు మాత్రం ఇవే సాక్ష్యాలు. ఇవాళ చుక్క మంచు కూడా లేని మధ్య యూరప్ గుహల్లో ఈ స్ఫటికాలు దొరికాయి. యురేనియం-థోరియం పద్ధతిలో వయసు లెక్కగడితే, చాలావరకు గత మంచుయుగం నాటివని తేలింది. అంటే అప్పట్లో అక్కడ గుహ లోపలి దాకా నేల గడ్డకట్టి ఉందన్నమాట.

ఇప్పుడు చిక్కల్లా సన్న పొడితోనే. వేడెక్కుతున్న వాతావరణంలో యూరప్ మంచు గుహలు కరుగుతున్నాయి. స్ఫటికాలైతే నేల మీద మిగులుతాయి. మంచు పొరల్లో చిక్కుకున్న పొడి మాత్రం ఆ నీటితోపాటే కొట్టుకుపోతోంది.