వీపీఎన్ కనెక్ట్ అయింది, కానీ ఆఫీస్ సిస్టమ్ ఓపెన్ కావట్లేదా?

ఈ ఎపిసోడ్ ఇంటి పీసీ నుంచి ఆఫీస్ సిస్టమ్‌లోకి లాగిన్ అయ్యేవాళ్ళ కోసం. ముందు నా కథ చెప్తా, ఎందుకంటే దానివల్లే నా ఉద్యోగం ఊడేది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది కదా. నేను అప్పటికే చెన్నై నుంచి మైపాడు వచ్చేశా. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నా. ఆఫీస్‌లో నా డెస్క్‌టాప్ ఆన్‌లోనే ఉంది, ఇక్కడేమో నా బీటెక్ రోజుల నాటి పాత పీసీ. ముందు వీపీఎన్, దాని మీద రిమోట్ డెస్క్‌టాప్. రెండ్రోజులు బాగానే నడిచింది. మూడో రోజు పొద్దున షిఫ్ట్ టైముకి వీపీఎన్ కనెక్టే కాలేదు, సర్టిఫికెట్ ఎర్రర్. పాస్‌వర్డ్ మార్చా, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశా, రౌటర్ నాలుగుసార్లు ఆఫ్ చేశా. అవతల మేనేజర్ ఫోన్ల మీద ఫోన్లు. "ఏందబ్బయ్యా, పొద్దున్నుంచి దాంతో కుస్తీ పడుతుండావు" అని మా నాన్న.

చివరికి చూస్తే స్క్రీన్ మూలన తేదీ 2009 జనవరి 1!

రాత్రి కరెంటు పోయింది. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుంది, పీసీకి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. ప్రతి సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది. నా పీసీ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, ఇక ఎందుకు నమ్ముతుంది? తేడా అన్నేళ్ళుంటే విండోస్ కూడా దానంతటది సరిచేసుకోకపోవచ్చు. తేదీ, టైమ్ జోన్ చేత్తో పెట్టి, ఆ తర్వాత సింక్ నౌ నొక్కాలి. షాపులన్నీ మూసేశారు కాబట్టి మా నాన్న రొయ్యల శాంపిల్ తూచే చిన్న కాంటాలోంచి 2032 సెల్ పీకి పెట్టా. ఆయన తిట్లు ఇక్కడ చెప్పలేను.

ఓటీపీ కోడ్ యాప్ వాడేవాళ్ళు ఫోన్ టైమ్ కూడా చూసుకోండి. ఆ కోడ్ మామూలుగా 30 సెకన్లకోసారి టైమ్‌ని బట్టే మారుతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. వీపీఎన్ కనెక్టెడ్ అని చూపిస్తుంది, రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం నల్ల స్క్రీన్. ముందు అదే పీసీని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. అక్కడ పనిచేస్తే మీ అకౌంట్ బాగున్నట్టే, తేడా ఇంటి లైన్లో ఉంది. ఒక కారణం ప్యాకెట్ సైజు. మామూలు లైన్లో ఒక ప్యాకెట్ 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్‌లో 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతాయి. దాని మీద వీపీఎన్ తన కవర్ తొడుగుతుంది. చిన్న ప్యాకెట్లు దూరతాయి, అందుకే కనెక్టెడ్ అంటుంది. స్క్రీన్ బొమ్మ మోసే పెద్దవి మధ్యలో ఆగిపోతాయి. వీపీఎన్ అడాప్టర్ ఎంటీయూని 1300 దగ్గరికి తగ్గించమని ఐటీ వాళ్ళనడగండి.

ఇంకోటి, అడ్రస్‌ల గొడవ. ఇంటి రౌటర్ 192.168.1 సిరీస్‌లో ఉండి, ఆఫీస్ సర్వర్ కూడా అదే సిరీస్ అయితే, మీ పీసీ ఆ సర్వర్‌ని ఇంట్లోనే వెతుక్కుంటుంది. మైపాడు గేట్ అంటే నెల్లూరు టౌన్‌లో, మైపాడు అంటే సముద్రం ఒడ్డున. ఆటో అతనికి సగం పేరు చెప్తే ఇంతే సంగతులు. రౌటర్ సెట్టింగ్స్‌లో ఇంటి సిరీస్‌ని 192.168.50కి మార్చండి.

ఆఫీస్‌లో మీ సిస్టమ్ స్లీప్‌లోకి పోయినా లోపలికి రాలేరు. అది మామూలుగా అక్కడున్నవాళ్ళే లేపాలి.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. వీపీఎన్ విసిగిస్తోందని రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవమని ఎవరైనా అంటే వినొద్దు. అలా తెరిచిన పోర్ట్‌ల కోసం స్కానర్లు రాత్రింబగళ్ళు తిరుగుతుంటాయి. ఐటీ వాళ్ళకి ఫోన్ చేసేటప్పుడు "రావట్లేదు సార్" అనకుండా ఎర్రర్ స్క్రీన్‌షాట్, టైమ్, హాట్‌స్పాట్‌లో ఏమైందో చెప్పండి. ఆ రోజు నేను స్క్రీన్ మొత్తం ఫొటో తీసి పంపుంటే, మూలనున్న 2009 వాళ్ళకే కనపడేది.