సాఫ్ట్‌వేర్ జాడీలో ఏముంది?

ఆవకాయ ఇంట్లోనే పెడతాం. కానీ కారం, ఆవపిండి, నూనె... కొట్లో కొన్నవే. నూనె పాడైందనుకోండి, జాడీ మొత్తం పారబోయాల్సిందే. సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే!

దాదాపు ఏ ప్రోగ్రామూ మొత్తం సొంతంగా రాసింది కాదు. ఇతరులు రాసి ఉచితంగా అందుబాటులో ఉంచిన ముక్కలు బోలెడు అందులో కలుస్తాయి. వాటినే డిపెండెన్సీలంటారు. ఆ ముక్కల్లో ఇంకొన్ని ముక్కలు. ఎక్కడో ఒకచోట లోపం ఉంటే చాలు, దొంగకి దారి దొరికినట్టే.

ఒక్క సందు చాలు!

అమెరికాలో ప్రజల అప్పుల చరిత్ర దాచే సంస్థ ఈక్విఫాక్స్. ‘అపాచీ స్ట్రట్స్‌లో లోపముంది, 48 గంటల్లో సరిచేయండి’ అంటూ 2017 మార్చి 9న ఆ సంస్థ ఉద్యోగులకి ఈమెయిల్ వెళ్లింది. మార్చి 15న వెతికారు కూడా. ఎక్కడా కనపడలేదు. కానీ అది వినియోగదారుల ఫిర్యాదుల వెబ్‌సైట్లో భద్రంగా ఉంది! మే నెలలో దొంగలు అందులోంచే దూరారు. జులై 29 దాకా ఎవరూ పసిగట్టలేదు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు... పేర్లు, పుట్టినతేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్ల వంటివి దొంగల పాలయ్యాయి. సీఈవో తప్పుకున్నారు. 70 కోట్ల డాలర్ల వరకూ చెల్లించేందుకు 2019లో సంస్థ ఒప్పుకుంది.

గేటు దగ్గరే తనిఖీ

మనుషులు మర్చిపోతారు కాబట్టి ఆ పని యంత్రానికే అప్పగిస్తున్నారు. ప్రోగ్రామర్ ఏ చిన్న మార్పు చేసినా కంప్యూటర్ ముక్కలన్నీ కూర్చి ప్రోగ్రామును మళ్లీ తయారుచేస్తుంది. దాన్నే ‘బిల్డ్’ అంటారు. సరిగ్గా అప్పుడే తనిఖీ పరికరం ప్రతి ముక్క పేరూ, వెర్షనూ రాసుకుని, బయటపడిన లోపాల జాబితాతో పోల్చి చూస్తుంది. ప్రమాదకరమైనది కనపడితే బిల్డ్‌ని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఓవాస్ప్ సంస్థవారి ‘డిపెండెన్సీ-చెక్’ ఇలాంటిదే, ఉచితం కూడా. గిట్‌హబ్‌లోని ‘డిపెండాబాట్’ అయితే ‘ఈ వెర్షన్‌కి మారండి’ అంటూ మార్పును తనే సిద్ధంచేసి పెడుతుంది.

ఒకసారి చూసి వదిలేస్తే కుదరదు. నిన్న మంచిదనుకున్న ముక్కలో ఇవాళ లోపం బయటపడొచ్చు. ప్రోగ్రాముల్లో జరిగేవన్నీ చిట్టా రాసే లాగ్‌4జెలో 2013 నుంచీ ఉన్న లోపం 2021 డిసెంబరులో వెలుగుచూసింది. తీవ్రత పదికి పది! ‘మన దగ్గర ఎక్కడుంది?’ అని ప్రపంచమంతా వెతుక్కుంది. ముందే జాబితా ఉన్నవాళ్లకి ఆ వెతుకులాట తేలికైంది. అందుకే కొత్త మార్పులేవీ లేకపోయినా రోజూ తనిఖీ నడపాలి.

అయితే, యంత్రానికి తెలిసిన దొంగలే దొరుకుతారు. 2024లో ‘ఎక్స్‌జెడ్’లో ఎవరో కావాలని పెట్టిన దొంగదారిని పట్టుకున్నది ఓ ఇంజినీరు... ఆండ్రెస్ ఫ్రాయిండ్. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటా అని తవ్వితే గుట్టు బయటపడింది.

యంత్రం గంట మాత్రమే కొడుతుంది, లేచి చూడాల్సింది మనిషే. ఈక్విఫాక్స్‌కి హెచ్చరిక అందకపోలేదు. తన జాడీలో ఏముందో తనకే తెలియకపోవడం కొంప ముంచింది!