పంటల పేర్లే పట్టిక శీర్షికలు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి, వేరుశనగ, ఆముదాలు అమ్మకమునకు వచ్చును. కర్నూలు జిల్లా గూడూరు రైతు ఇంటివద్దనే సెల్‌ఫోనులో వాటి ధరలు చూడవలెనన్నచో ఎడమన తేదీలు, పైన పంటల పేర్లు గల పట్టిక అనుకూలము.

కాని కంప్యూటరు దత్తాంశనిధిలో ధరలను సాధారణముగా అట్లుంచరు. ఒక్కొక్క వరుసలో తేదీ, పంట, ధర అను మూడంశములే ఉండును. ‘పత్తి’ అక్కడ శీర్షిక కాదు, ఒక విలువ మాత్రమే. 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన పట్టికల పద్ధతికి ఇది చక్కగా ఒదుగును. కొత్త పంట వచ్చినను నిర్మాణము మార్చనక్కరలేదు.

అందుచే ప్రోగ్రాము నిధిని రెండు ప్రశ్నలడుగును. ఏయే పంటలున్నవి? ఒక పేరు రెండుమార్లు రాకుండ వచ్చిన జాబితానుండి, పేరుకొకటి చొప్పున, వెబ్ పేజీలో శీర్షికలు ఏర్పడును. ధరలెంత? తేదీల క్రమములో వచ్చు ఈ జవాబులో తేదీ మారినప్పుడెల్ల కొత్త అడ్డువరుస మొదలగును.

చిక్కంతయు ఇక్కడనే. ఒకనాడు వేరుశనగ రాలేదనుకొందము. ధరలను వచ్చిన వరుసలోనే గడులలో నింపుచు పోయినచో ఆముదాల ధర వేరుశనగ క్రింద పడును. చూచుటకు పట్టిక నిండుగనే ఉండును. ఆ ధర నమ్మి సరుకు లారీకెత్తిన రైతుకే తప్పు తెలియును! కనుక ప్రతి శీర్షిక క్రిందను, ఆ తేదీన ఆ పేరుగల పంటకు ధర ఉన్నదా యని వెదకి వ్రాయవలెను. లేనిచో గడిని ఖాళీగా వదలవలెను. సున్న వేయరాదు, సున్న యన్న సరుకు ఊరకనే ఇచ్చినట్లగును.

గుమాస్తా ఒకనాడు ‘వేరుశనగ’ అని, మరునాడు ‘వేరుసెనగ’ అని వ్రాసినచో యంత్రమునకవి రెండు పంటలు. రెండు శీర్షికలు లేచును. పంటకొక సంకేతసంఖ్య నిచ్చి, గుమాస్తాచే దానినే వ్రాయించినచో ఈ బెడద తప్పును.