కోత అనరు, బకాయి అంటారు

వానలు పడి ఆకుమడులు దున్నే రోజుల్లోనే కాలేజీల్లో చేర్పులు మొదలవుతాయి. విత్తనం, ఎరువు, దుక్కి కూలి ఒకవైపు. అప్లికేషను, పుస్తకాలు, బస్సు పాసు, హాస్టలు డిపాజిట్టు ఇంకోవైపు. రెండు ఖర్చులూ ఒకే నెలలో ఇంటిమీద పడతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, 2022లో ఈ రెండిటి నుంచి భాగాలు తీసి ఏర్పరచిన పార్వతీపురం మన్యం జిల్లాలో, కూలి చేసుకు బతికే ఇళ్ళ నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి తరం పిల్లలు ఈ పదిహేను, ఇరవై ఏళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళను ఆ గడప దాటించింది స్కాలర్‌షిప్పూ, ఫీజు రీయింబర్స్‌మెంటూ. ఈ మాట ఒప్పుకోవడానికి మనకు అభ్యంతరం లేదు. అది ఏ నాయకుడూ జేబులోంచి తీసి ఇచ్చినది కాదు కూడా.

అయితే దేశంలో వ్యాపారం మందగించినప్పుడు, ఖజానా ఎండినప్పుడు ఆ డబ్బు ఏమవుతుంది? ఏ ప్రభుత్వమూ 'పేదపిల్లల చదువు డబ్బు కోశాం' అని శాసనసభలో చెప్పదు. బడ్జెట్ పుస్తకంలో అంకె అలాగే ఉంటుంది. ఒక్కొక్క ఏడాది పెరుగుతుంది కూడా. డబ్బు మాత్రం దిగదు. దానికి వాళ్ళు పెట్టిన పేరు బకాయి.

బకాయి ఎలా పుడుతుందో చూద్దాం. రాష్ట్రానికి రాబడి వచ్చేది అమ్మకాల పన్ను, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను, కేంద్రం ఇచ్చే వాటా. వ్యాపారం పడిపోతే ఇవన్నీ ఒకేసారి పడిపోతాయి. ఖర్చులు మాత్రం పడిపోవు. పాత అప్పులమీద వడ్డీ ఒక్కరోజు కూడా ఆగదు. జీతాలు, పింఛన్లు ఇవ్వాలి. ఇవన్నీ పోగా మిగిలిన దాంట్లోంచే కాలేజీ ఫీజులు. అంటే వరసలో మనవాళ్ళు చివర నిలబడ్డారు. ఖజానా కంప్యూటర్లో బిల్లు ఉంటుంది, దానికి మంజూరు ఉంటుంది, డబ్బు విడుదల ఉండదు. రాష్ట్రం కావలసినంత అప్పు తెచ్చుకుందామన్నా వీల్లేదు. 2005లో చేసిన ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం లోటుకు ఒక హద్దు ఉంది. కేంద్రం అనుమతి లేకుండా అది దాటకూడదు. నోటు అచ్చువేసే అధికారం ఢిల్లీది, ఫీజు కట్టవలసిన బాధ్యత అమరావతిది.

ఇంకో సంగతి ఉంది. చెడ్డకాలంలోనే ఈ డబ్బు అవసరం పెరుగుతుంది. పని దొరక్క ఇంటి ఆదాయం పడిపోయిన కుటుంబాలు సాయానికి కొత్తగా అర్హులవుతాయి. నిరుడు సొంతంగా ఫీజు కట్టినవాడు ఈ ఏడు దరఖాస్తు పెట్టుకుంటాడు. ఒక చేత్తో ఖజానా ఖాళీ అవుతుంటే రెండో చేత్తో దరఖాస్తుల కట్ట పెరుగుతుంది. అమెరికా అంత డబ్బున్న దేశంలోనూ ఇదే జరిగింది. 2008లో అక్కడ బ్యాంకులు కూలాక, పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు తీసుకునేవారి సంఖ్య రెండేళ్ళలో సుమారు 62 లక్షల నుంచి 93 లక్షలకు పోయింది. అక్కడి కేంద్రం అప్పు చేసి గ్రాంటును పెంచింది. అప్పుచేసే స్వేచ్ఛలేని రాష్ట్రాలు చేతులెత్తేశాయి. ఇల్లినాయి రాష్ట్రంలో 2009లో రెండో సెమిస్టరుకు గ్రాంటు డబ్బే లేదన్నారు. ఆ అక్టోబరులో విద్యార్థులు రాజధానికి వెళ్ళి నిలదీస్తే డబ్బు తిరిగి కేటాయించారు. కష్టకాలంలో కేంద్రం చెయ్యి చాపితే నిలబడుతుంది, రాష్ట్రంమీదికి తోస్తే కూలుతుంది. అక్కడైనా, ఇక్కడైనా అంతే.

మన దగ్గర నడిచిన కథ

మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించింది సరిగ్గా ఆ సంక్షోభం నాటికే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008-09 నాటికి దీన్ని వెనుకబడిన తరగతులకు వర్తింపజేసింది. ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. రెండు, మూడేళ్ళు తిరక్కుండానే బకాయిలు పేరుకున్నాయి, కాలేజీలు మూసేస్తామని యాజమాన్యాలు బెదిరించాయి. 2011 ఫిబ్రవరిలో జగన్‌మోహన్‌రెడ్డి హైదరాబాదులో 'ఫీజు పోరు' పేరుతో దీక్ష చేశారు. 2012లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం ర్యాంకు 10,000 దాటిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఇంజనీరింగ్ ఫీజును 35,000 రూపాయల దగ్గర ఆపేసింది. అంతకు మించి ఫీజున్న కాలేజీలో చేరితే మిగతాది ఇంటి నుంచి తెచ్చుకోవాలి.

ఆ తర్వాత అదే జగన్‌మోహన్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. హాస్టలు, తిండి ఖర్చుకు ఇచ్చే 'వసతి దీవెన'ను 2020 ఫిబ్రవరి 24న ఎక్కడో కాదు, మన విజయనగరంలోనే ప్రారంభించారు. ఐటీఐకి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆపై చదువులకు 20,000. సరిగ్గా నెల తిరిగేసరికి, మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్.

ఆ వేసవి మనవాళ్ళు మరిచిపోయేది కాదు. హైదరాబాదు, చెన్నైలలో ఇళ్ళు కట్టే పనికి పోయినవారు, గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు పోయిన శ్రీకాకుళం మత్స్యకారులు, బతుకు జీవుడా అని తిరిగివచ్చారు. వాళ్ళు పంపే డబ్బుతోనే కదా ఇంటిదగ్గర పిల్లల చదువు నడిచేది! (ఆ డబ్బు ఎంత ఖరీదైనదో 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో తెలిసింది. కట్టుబడిలో ఉన్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో ఎందరో మన జిల్లాల కూలీలు.) తండ్రి సంపాదన ఆగిన ఏడాదే రాష్ట్రం రాబడీ ఆగింది. 2020-21 విడత వసతి దీవెన ఖాతాల్లో పడింది 2021 ఏప్రిల్ 28న.

కేంద్రం అప్పుడేం చేసింది? జీఎస్టీ నష్టపరిహారం ఇవ్వవలసివచ్చేసరికి 'ఇది దైవఘటన' అంది, రాష్ట్రాలు అప్పు తెచ్చుకోవాలంది. అప్పు పరిమితి పెంచింది గాని షరతులు పెట్టింది. వాటిలో ఒకటి వ్యవసాయ కరెంటు సబ్సిడీని నగదు బదిలీగా మార్చడం. ఆ ప్రయోగానికి ఎంచుకున్నది మన శ్రీకాకుళం జిల్లానే! అలా 2020లో మన పొలాల్లో మోటార్లకు మీటర్లు వచ్చాయి. కాలేజీ ఫీజుకీ పొలంలో మీటరుకీ సంబంధమేమిటని అడిగే రైతన్నలకు ఇదే సమాధానం. రెండూ ఒకే ఖజానా గుమ్మం నుంచి వస్తున్నాయి.

అదే ఏడాది డిసెంబరు 25న వచ్చింది 77వ నంబరు జీవో. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు ఇవ్వబోమంది. ఇది బకాయి ముసుగు కూడా లేని కోత. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదువుకోవచ్చు కదా అన్నారు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008లో పుట్టింది, నిజమే. అక్కడా, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ సీటు రాని కూలివాడి కూతురు ఏం చెయ్యాలి? ఊరికి దగ్గర్లో ఉన్న ప్రైవేటు కాలేజీ ఒక్కటే ఆమెకు దారి. ఆ దారి మూశారు. డిగ్రీతోనే ఆగమన్నారు.

కేంద్రం వాటా

దళిత విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు కొత్తదేమీ కాదు, 1944లో మొదలైనది. చాలాకాలం కేంద్రం ఒక తిరకాసు పద్ధతి నడిపింది. ప్రణాళిక కాలం ముగిసేనాటికి అయిన ఖర్చంతా ఇకపై రాష్ట్రమే భరించాలి, అంతకుమించి పెరిగినదే కేంద్రం ఇస్తుంది. ఫలితంగా 2017-18 నుంచి 2019-20 వరకు దేశం మొత్తానికి కేంద్రం ఇచ్చింది ఏడాదికి సుమారు 1,100 కోట్లు. పోరాటాలు జరిగాయి, రాష్ట్రాలు మొరపెట్టుకున్నాయి. 2020 డిసెంబరులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలని నిర్ణయించి, 59,048 కోట్లలో 35,534 కోట్లు తాను పెడతానంది.

ఇది మెరుగే. అయితే ఒక మెలిక ఉంది. రాష్ట్రం తన 40 ఇచ్చినట్టు రుజువయ్యాకే కేంద్రం 60 విద్యార్థి ఖాతాలో వేస్తుంది. చెడ్డ ఏడాదిలో రాష్ట్రం 40 ఆపితే, ఢిల్లీలో ఉన్న 60 కూడా అక్కడే నిద్రపోతుంది. ఇక బీసీల ఫీజుల భారం దాదాపు రాష్ట్రం ఒక్కదానిదే. మన మూడు జిల్లాల్లో కూలి, చిన్నరైతు, మత్స్యకార కుటుంబాల్లో ఎక్కువమంది బీసీలే అని వేరే చెప్పాలా?

వడ్డీ కట్టేది ఎవరు?

ప్రభుత్వానికి బకాయి అంటే వాయిదా. వడ్డీ లేదు, జరిమానా లేదు. కాలేజీ యజమానికి బకాయి అంటే ఇబ్బంది. అతను దాన్ని కిందికి తోస్తాడు. మొదట తోసేది తన దగ్గర పనిచేసే లెక్చరర్లమీదికి. చిన్న ఊళ్ళ డిగ్రీ కాలేజీల్లో నెలల తరబడి జీతం లేకుండా పాఠం చెప్పే ఆ లెక్చరర్లూ మనలాంటి ఇళ్ళ పిల్లలే. తర్వాత విద్యార్థి మీదికి. పరీక్షలముందు హాల్ టికెట్టు ఆపుతారు. చదువయ్యాక సర్టిఫికెట్లు ఆపుతారు. 'ముందు మీరు కట్టండి, ప్రభుత్వం వేస్తే తిరిగిస్తాం' అంటారు. 'గవర్మెంటోలు కడతారని సేరిపించినాం, ఇప్పుడు మమ్మల్నే కట్టమంతన్నారు. ఏటి సేస్తాం బాబూ?' ఏ ఊరెళ్ళినా తల్లుల మాట ఇదే.

లెక్క వేద్దాం. ఫీజు 40,000 అనుకోండి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,200. పది నెలలు బకాయి ఉంటే వడ్డీయే 12,000. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే ఆ వడ్డీ 39 రోజుల కూలి. అసలు సంగతి వేరే. ఆ ఏడు వంద రోజులూ ఒక్కటి తప్పకుండా పని దొరికినా వచ్చేది 30,700. అది ఒక పిల్లవాడి ఒక ఏడాది ఫీజుకే చాలదు. ఏడాది పోయాక సర్కారు డబ్బు మొత్తం వచ్చిందే అనుకుందాం, ఆ 12,000 ఎవరూ తిరిగివ్వరు. బడ్జెట్ పుస్తకంలో కోత సున్నా. కూలి ఇంట్లో కోత 12,000.

ఈ వడ్డీని ఏ పార్టీ లెక్కలోనూ మనం చూడలేదు. 2021 నుంచి తల్లుల ఖాతాల్లో మూడు నెలలకోసారి వేస్తామన్నారు. బటన్లు నొక్కారు, సభలు పెట్టారు. 2024లో గద్దె దిగేనాటికి వేల కోట్లు బకాయి పెట్టిపోయారని కొత్త ప్రభుత్వం చెప్పింది. కొత్త ప్రభుత్వం పథకం పేరు మార్చి, డబ్బు నేరుగా కాలేజీలకే వేస్తానంది. 2025 మార్చి 12న ప్రతిపక్షంలోకి వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ అదే ఫీజు బకాయిలమీద 'యువత పోరు' చేసింది. 2011లో పోరు, 2025లో పోరు; నడుమ అధికారం ఉన్న అయిదేళ్ళలో బకాయి! గద్దె దిగితేగాని కూలివాడి ఫీజు కనిపించని జబ్బు ఒక్క పార్టీది కాదు. తెలంగాణలోనూ 2025 నవంబరులో బకాయిలకోసం ప్రైవేటు కాలేజీలు మూతపడ్డాయి.

ఇంత డబ్బు ప్రైవేటు కాలేజీలకు పోయడమేమిటి, ప్రభుత్వ కాలేజీలే పెట్టవచ్చు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. విజయనగరం గడ్డమీద మహారాజా కాలేజీ 1879 నాటిది. జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ రావడానికి 2007 దాకా పట్టింది. ప్రభుత్వ కాలేజీకి గోడలుంటాయి, ఉద్యోగులుంటారు; ఒక చెడ్డ ఏడాదిలో దాన్ని చెరిపేయడం సులువు కాదు. ఫీజు చెల్లింపు ఒక కాగితం. ఆ కాగితాన్ని సొరుగులో పెట్టేస్తే చాలు. కనుక కాలేజీలూ అడగాలి, ఈలోగా ఉన్న పిల్లల ఫీజూ అడగాలి.

చెయ్యవలసిన పని ఒకటుంది. ఊరూరా సంఘం కార్యకర్తలు బకాయి పట్టీ రాయండి. విద్యార్థి పేరు, చదువు, ఎన్ని విడతలు రాలేదు, ఇంటివాళ్ళు సొంతంగా ఎంత కట్టారు, ఏ వడ్డీకి తెచ్చారు, అన్నీ రాయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర అట్టేపెట్టుకోరాదని 2018 అక్టోబరులోనే యూజీసీ చెప్పింది. ఆపినచోట ఆ ఉత్తర్వు కాపీ పట్టుకుని నలుగురూ కలిసి వెళ్ళండి. పట్టీలన్నీ కట్టగట్టి సోమవారం అర్జీల రోజున కలెక్టరు ముందు పెట్టండి. ఫీజు డబ్బును జీతాలు, వడ్డీలతో సమానంగా మొదటి వరసలో పెట్టాలని, ఆలస్యమైతే తల్లిదండ్రులు కట్టిన వడ్డీ ప్రభుత్వమే భరించాలని, రాష్ట్రం వాటా ఆలస్యమైనా కేంద్రం 60 ఆపకూడదని, బీసీల ఫీజుల్లోనూ కేంద్రం గట్టి వాటా తీసుకోవాలని అందులో రాయండి.

ఆ పట్టీలో చివర ఒక పేజీ విడిగా ఉంచండి. ఫీజు కట్టలేక మధ్యలో చదువు ఒగ్గేసి పైడిభీమవరం కంపెనీలకో, హైదరాబాదు కట్టుబడి పనులకో పోయిన పిల్లల పేర్లు అందులో రాయండి. ప్రభుత్వ లెక్కల్లో వాళ్ళు బకాయి కింద కూడా కనిపించరు. ఈ ఏడు విద్యార్థుల సంఖ్య కాస్త తగ్గిందని మాత్రం రాసుకుంటారు.