మట్టి గోడకు ఎలుక బెడద: మందు కన్నా పునాదే ముఖ్యం

కోతలై వడ్ల బస్తాలు ఇల్లు చేరగానే వాటి వెనకే ఎలుకలూ చేరతాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో, తండాల్లో, గూడేల్లో మట్టి గోడల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండే ఈ ఇళ్లకు ఎలుకలతోనే పెద్ద చిక్కు. బస్తాకు చిల్లి పడితే కుట్టుకోవచ్చు. గోడ అడుగు డొల్లయితే మాత్రం వానల్లో కూలుతుంది. ఎలుక తవ్విన పొక్కలోకి పాము కూడా వస్తుంది. నేల మీద పడుకున్నవారిని కట్లపాము రాత్రిపూట కాటేస్తే ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు.

ఏది ఎక్కడుంటుంది?

పందికొక్కు గోడ కిందుగా తవ్వి, పొక్క బయట మన్ను కుప్ప పోస్తుంది. ఇంటి ఎలుక గోడ ఎక్కి వాసాల సందుల్లో ఉంటుంది. చిట్టెలుకకు పావు అంగుళం సందు చాలు. అందుకే గోడ అడుగు, నడుమ, పైభాగం మూడూ చూసుకోవాలి.

పొక్కలు పూడ్చే పద్ధతి

సాయంత్రం పొక్కలన్నీ తడి మట్టితో మూయాలి. తెల్లారేసరికి తెరుచుకున్నవే ఎలుకలున్న పొక్కలు. వాటి దగ్గర పల్లీలు, ఎండు చేప ఎరగా బోను పెట్టి ముందు ఎలుకలను పట్టాలి. తర్వాత రాళ్లు, గాజు పెంకులు కర్రతో దట్టించి, సున్నం కలిపిన మట్టితో మెత్తాలి. ఉత్త మట్టితో పూడిస్తే మళ్లీ తవ్వుతాయి. పొక్కలో చెయ్యి పెట్టరాదు.

చాలామంది మట్టి గోడకు సిమెంటు పూస్తుంటారు. ఇది తప్పు. సిమెంటు మట్టిని గట్టిగా పట్టదు, లోపలి తడిని బయటికి పోనివ్వదు. కొన్నాళ్లకు పొర ఉబ్బి వెనక సందు పడుతుంది. అది ఎలుకకు మనమే గూడు కట్టించి ఇచ్చినట్టు!

పునాది జాగ్రత్తలు

కొత్తగా కట్టేవారు నేలకు పైన అడుగున్నర నుంచి రెండడుగుల దాకా రాతి కట్టు కట్టి, దాని మీదే మట్టి గోడ లేపాలి. తడికెలకు మట్టి మెత్తే ఇళ్లలో కూడా తడికె అడుగు నేలకు తగలకుండా రాళ్ల మీద నిలపాలి.

పాత ఇళ్లకు గోడ వెంట బయటివైపు రెండడుగుల లోతు కాలువ తీసి, పావు అంగుళం కన్నా చిన్న కళ్లున్న ఇనుప జాలీ దించాలి. జాలీ అడుగును అడుగు మేర బయటికి మడవాలి. గోడ వెంట తవ్వుకుంటూ వచ్చిన పందికొక్కుకు అక్కడ జాలీ అడ్డు పడుతుంది. ఈ పని ఎండాకాలంలోనే, నాలుగైదు అడుగుల చొప్పున చేయాలి. ఒకేసారి గోడంతా తవ్వితే గోడ కుంగుతుంది.

వడ్ల బస్తాలను చెక్కల మీద, గోడకు అడుగున్నర ఎడంగా పేర్చాలి. కప్పుకు తగిలే కొమ్మలు కొట్టేయాలి.

మందుతో జాగ్రత్త

గోడ పొక్కల్లో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వేయడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఆ విషవాయువు పొక్కల గుండా పడక గదిలోకి వచ్చి ప్రాణాలు తీస్తుంది. ఈ బిళ్లలను మామూలు జనానికి అమ్మడానికే వీల్లేదు. తప్పనిసరైతే బ్రోమడయొలోన్ ఎర బిళ్లలను పిల్లలకు, కోళ్లకు అందకుండా మూసిన డబ్బాలో పెట్టాలి.

ఒక్క ఇల్లే బాగుచేసుకుంటే ఎలుక పక్కింటికి పోతుంది. దాని చూలు మూడు వారాలే. కాబట్టి వాడకట్టు అంతా కలిసి, వానలు పడకముందే ఒకేసారి ఈ పనికి పూనుకోవాలి.