ఏసీ గ్యాస్ అయిపోదు... కారిపోతుంది!

ఎండాకాలం మొదలయ్యిందంటే మన ఇళ్లలో వినిపించే డైలాగ్ ఒకటుంది. “ఏసీ చల్లగా రావట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది, నింపిద్దాం.” మెకానిక్ వస్తాడు, సిలిండర్ తగిలిస్తాడు, అరగంటలో మూడు వేలు తీసుకుని వెళ్లిపోతాడు. చల్లగా వస్తుంది, అందరూ హ్యాపీ. మళ్లీ ఏడాదికి అదే డైలాగ్, అదే మూడు వేలు.

మా ఇంట్లో ఇది వరుసగా మూడేళ్లు నడిచింది. మాది కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె. బయటివాళ్లకు మా ఊరి పేరు యురేనియం గని వల్ల తెలుసు. మాకు మాత్రం మే నెల అంటే ముందు గుర్తొచ్చేది ఎండే. 42, 43 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మేలో వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఊరికి వస్తాను. ఇంట్లో అమ్మ, నాయన, డెబ్బై దాటిన మా జేజి ఉంటారు. 2014లో కొన్న ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ జేజి పడుకునే గదిలోనే ఉంది.

పోయిన మేలో అది మళ్లీ మొండికేసింది. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. “ఏం నాయనా, ఈ మిషను కూడా నా మాదిరే ముసల్దయిపోయిందా?” అని జేజి నవ్వింది కానీ, అది నవ్వుకునే విషయం కాదు. ఆమె బీపీ మాత్రలు వేసుకుంటుంది. వయసు పైబడినవాళ్లకు పగటి వేడే కాదు, రాత్రి చల్లబడకపోవడం కూడా ప్రమాదమే, ఒంటికి కోలుకునే టైం దొరకదు. కాబట్టి రిపేరా, కొత్తదా అన్నది త్వరగా తేల్చాలి.

బోరు మోటారు లాంటిదే

ముందు ఏసీ అసలు ఏం చేస్తుందో చూద్దాం. అది చల్లదనాన్ని తయారు చేయదు. బోరు మోటారు నీళ్లను పుట్టించదు కదా, కింద ఉన్నవాటిని పైకి తోడుతుంది, అంతే. ఏసీ కూడా ఇంట్లో ఉన్న వేడిని తోడి బయట పోస్తుంది. ఇంజినీరింగ్ పుస్తకాల్లో దీని పేరు హీట్ పంప్. చలి దేశాల్లో ఇదే యంత్రాన్ని తిప్పి వాడతారు, బయట చల్లగాలిలో ఉన్న కాస్త వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. మనం ఒకవైపే వాడతాం.

తోడే పని కాబట్టే దీనికి కరెంటు కలిసొస్తుంది. మామూలు గీజరు ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్లో, అంతకంటే ఎక్కువో వేడిని బయటికి పంపగలదు.

ఈ తోడే పనిలో బకెట్ లాంటిది గ్యాస్. లోపలి కాయిల్‌లో ఆవిరై వేడిని పట్టుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి బయటి కాయిల్‌కి పంపుతుంది. అక్కడ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమై లోపలికి వస్తుంది. అదే గ్యాస్ తిరుగుతూనే ఉంటుంది. పెట్రోలులా కాలిపోయేది కాదు. అంటే గ్యాస్ తగ్గిందంటే అర్థం ఒక్కటే, ఎక్కడో కారుతోంది.

మా ఆఫీసులో ఒక సర్వర్ వారానికోసారి పడిపోతుంటే రీస్టార్ట్ చేసి ఊరుకోం. మెమరీ లీక్ ఎక్కడుందో వెతుకుతాం. ఏసీ విషయంలో మాత్రం ఊరూరా ప్రతి ఏడాదీ డబ్బులిచ్చి రీస్టార్టే చేయించుకుంటున్నాం.

ముందు ఏది పాడైందో తేలాలి

ఏసీలో రెండు లోకాలు ఉంటాయి. ఒకటి కరెంటు లోకం: కెపాసిటర్, ఫ్యాన్ మోటారు, సెన్సర్, పీసీబీ. రెండోది గ్యాస్ లోకం: రాగి పైపులు, రెండు కాయిల్స్, కంప్రెసర్.

బయటి యూనిట్‌లో ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ ‘హుమ్మ్’ అని మూలిగి ఆగిపోతుంటే చాలాసార్లు దోషం కెపాసిటర్‌ది, లేదంటే వోల్టేజీది. సాయంత్రం అందరూ మోటార్లు, ఏసీలు వేసినప్పుడు పల్లెల్లో వోల్టేజీ పడిపోతుంది. కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ సరిపోకపోతే కదలదు, వేడెక్కి ట్రిప్ అవుతుంది. కెపాసిటర్ ఖరీదు కొన్ని వందలే. కానీ స్విచ్ ఆపిన తర్వాత కూడా అందులో చార్జ్ నిలిచి ఉంటుంది కాబట్టి మూత తీసి మీరు చెయ్యి పెట్టకండి.

పైపు మీద మంచు పేరుకుంటోందా? గ్యాస్ తగ్గి ఉండొచ్చు, లేదా ఫిల్టర్‌లో దుమ్ము నిండి గాలి ఆడక ఉండొచ్చు. కాబట్టి ఫిల్టర్ కడగకుండా గ్యాస్ అనే మాట ఒప్పుకోవద్దు.

మీరే చేసుకోగల టెస్ట్ ఒకటుంది. చిన్న డిజిటల్ థర్మామీటర్ తీసుకోండి. ఏసీ వేసిన పదిహేను నిమిషాలకు అది గాలి పీల్చుకునే చోట ఒకసారి, చల్లగాలి వదిలే చోట ఒకసారి కొలవండి. ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే యంత్రం సుమారుగా బాగున్నట్టే. మా దాంట్లో తేడా మూడు డిగ్రీలు వచ్చింది.

మొదట వచ్చిన మెకానిక్ అలవాటుగా “గ్యాస్ అయిపోయింది సార్, మూడు వేలు అయితాది” అన్నాడు. “ఎక్కడ కారుతోందో చూస్తావా అన్నా?” అంటే, “అదంతా పెద్ద పని, కొత్తది తీసుకోండి” అని వెళ్లిపోయాడు. పులివెందుల నుంచి ఇంకొకాయన్ని పిలిపించాం. ఆయన పైపుల్లో నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురగ రాశాడు. బయటి యూనిట్ దగ్గర రాగి పైపు నట్టు బిగించే చోట సన్నగా బుడగలు లేచాయి. “ఇదిగో తమ్ముడూ, మీ మూడేళ్ల డబ్బులు ఈ సందులోంచే పోయినాయి” అన్నాడు.

ఇక లెక్క వేద్దాం

లీక్ దొరికింది కదా, రిపేరే అని వెంటనే అనుకోలేదు. పదకొండేళ్ల యంత్రం. కొత్త ఫైవ్ స్టార్ కొంటే బిల్లు తగ్గుతుంది కదా అని నాయన అన్నాడు. అందుకే కాగితం మీద లెక్క వేశాం.

మేం ఏసీ వాడేది ఏడాదికి సుమారు 120 రాత్రులు, రాత్రికి 8 గంటలు. పాతది రాత్రికి 9 యూనిట్ల దాకా తాగుతుంది. కొత్త ఇన్వర్టర్ ఫైవ్ స్టార్ అయితే అయిదున్నర అనుకుందాం. రాత్రికి మిగిలేది 3.5 యూనిట్లు, సీజన్‌కు 420 యూనిట్లు. ఏపీలో 2022-23లో వచ్చిన గృహ టారిఫ్‌లో 226 నుంచి 400 యూనిట్ల స్లాబుకు యూనిట్ 8.75 రూపాయలు. మా ఎండాకాలం బిల్లు పడేది ఆ స్లాబులోనే. అంటే పాతదాన్ని ఉంచుకుంటే ఏడాదికి 3,675 రూపాయలు ఎక్కువ కరెంటు.

ఇప్పుడు ప్రతి దారినీ ‘ఒక ఎండాకాలానికి ఎంత’ అని చూశాం. రేట్లు మాకు చెప్పినవే.

• ఏటా గ్యాస్ నింపించడం: 3,000 + అదనపు కరెంటు 3,675 = 6,675. గ్యాస్ తగ్గినకొద్దీ కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే.

• జాయింట్ రిపేర్, కొత్త గ్యాస్‌తో కలిపి 4,500. ఇంకో నాలుగు ఎండాకాలాలు నడిస్తే, ఏడాదికి 1,125 + 3,675 = 4,800.

• ఒకవేళ కంప్రెసరే పోయి ఉంటే, గ్యాస్‌తో కలిపి 17,000. పాత యంత్రానికి ఇంకో మూడేళ్లే అనుకుంటే ఏడాదికి 9,300 పైనే.

• కొత్తది, ఫిట్టింగ్‌తో కలిపి 45,000. పదేళ్లు నడిస్తే ఏడాదికి 4,500.

చూశారా? అన్నిటికంటే చవగ్గా కనిపించే మూడు వేల గ్యాసే కొత్త ఏసీకంటే ఖరీదు. కంప్రెసర్ మార్చడం అన్నిటికంటే నష్టం. జాయింట్ రిపేరూ, కొత్తదీ దాదాపు సమానం. కానీ కొత్తదానికి 45 వేలు ఈరోజే పెట్టాలి, ఈఎంఐ అయితే వడ్డీ కూడా. పైగా మే నెలలో ఫిట్టింగ్‌కే మూడు నాలుగు రోజులు ఆగమన్నారు. జేజి అన్ని రాత్రులు ఆ వేడిలో ఉండలేదు. రిపేర్ చేయించాం. కొత్తదాన్ని తొందరలో కాకుండా, చలికాలంలో నింపాదిగా చూసుకుని కొనుక్కోవచ్చు.

మీ లెక్క వేరేగా రావచ్చు. పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇల్లయితే కరెంటు తేడా రెండింతలు దాటుతుంది, కొత్తదే గెలుస్తుంది. యంత్రం వయసు అయిదారేళ్లే అయితే ముందు వారంటీ కార్డు తీయండి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ ఇస్తున్నాయి, అయితే గ్యాస్, కూలి విడిగా కట్టాలా అన్నది అడగండి.

గ్యాస్ పేరు చదవండి

బయటి యూనిట్ మీద ఒక రేకు అంటించి ఉంటుంది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది అక్కడే రాసి ఉంటుంది. మాది ఆర్-22. ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా దీన్ని వదిలించుకుంటోంది. మన దేశం 2030 నాటికి దాదాపు పూర్తిగా ఆపాలి. అంటే ముందు ముందు దొరకడం కష్టం, ధర పెరగడం ఖాయం. మా ఏసీకి నాలుగేళ్లే గడువు పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వచ్చేది ఆర్-32. ఆర్-22 యంత్రంలో దీన్ని నింపకూడదు. దీని ప్రెషర్ చాలా ఎక్కువ, కంప్రెసర్ ఆయిల్ వేరు, పైగా కొద్దిగా మండే గుణం ఉంది. “ఏదో ఒక గ్యాస్ కొడతా” అనే మెకానిక్‌ని గేటు దగ్గరే ఆపేయండి.

రిపేర్ జరిగేటప్పుడు పక్కనే నిలబడి మూడు పనులు చూసుకోండి. ఒకటి, నైట్రోజన్‌తో లీక్ టెస్ట్. రెండు, పంపు పెట్టి కనీసం అరగంట వ్యాక్యూమ్. పైపుల్లో గాలి, తేమ మిగిలితే కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. మూడు, గ్యాస్‌ను కాటా మీద తూచి, రేకు మీద రాసినన్ని గ్రాములే ఎక్కించడం. ఈ మూడూ చేస్తే రెండు మూడు గంటలు పడుతుంది. అరగంటలో అయిపోయిందంటే ఏదో ఒకటి ఎగ్గొట్టినట్టే.

కొత్తదే కొనాల్సి వస్తే

స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. మా మాదిరి 960 గంటలు వాడేవాళ్లకు ఆదా కూడా ఆ మేరకే. ఏసీ కెపాసిటీని కొలిచేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. మన దగ్గర మేలో 43. బయట వేడి పెరిగేకొద్దీ ఏ ఏసీ అయినా తోడే శక్తి తగ్గుతుంది. అందుకే బయటి యూనిట్‌ని పడమటి గోడకు, ఎండకు ఎదురుగా పెట్టించకండి. నీడ ఉండాలి, గాలి మాత్రం ధారాళంగా ఆడాలి.

ఇన్వర్టర్ ఏసీలో ప్రాణం పీసీబీలో ఉంటుంది. వోల్టేజీ ఎగిరినా, బల్లి దూరినా బోర్డు కాలిపోతుంది. మీ ఊరి వోల్టేజీకి తగ్గ స్టెబిలైజర్, మీ దగ్గరి టౌన్‌లో ఆ కంపెనీ సర్వీస్, ఈ రెండూ చూసుకున్నాకే స్టార్లు లెక్కపెట్టండి. పాతదాన్ని గుజిరీకి వేసి పైపులు కోయించొద్దు, ఉన్న గ్యాసంతా గాల్లో కలుస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి.

ఇంకో మాట. ఏసీ తోడాల్సిన వేడిలో చాలా భాగం పైకప్పు నుంచే వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. మేం స్లాబు మీద జిగురు కలిపిన సున్నం రెండు కోట్లు వేయించాం. ఏసీ బాగయ్యేదాకా ఆ రెండు రాత్రులూ కిటికీ తెరిచి కూలర్ పెట్టాం. సీమ ఎండ పొడి ఎండ కాబట్టి కూలర్ బాగానే పనిచేస్తుంది. కాకపోతే బిందెలకొద్దీ నీళ్లు తాగుతుంది, బోరు నీళ్ల ఉప్పు ప్యాడ్ల మీద తెల్లగా పేరుకుంటుంది.

ఈ ఏడాది మార్చిలో మళ్లీ థర్మామీటర్ పెట్టి చూశాను. తేడా పదకొండు డిగ్రీలు. గ్యాస్ ఒక్క గ్రాము కూడా నింపించలేదు. జేజికి రాత్రి రెండు గంటలకు చలేసి, ఏసీ తగ్గించమని నాయనను లేపుతోందట.

ఈసారి మీ ఇంటికొచ్చిన మెకానిక్ “గ్యాస్ అయిపోయింది” అంటే, డబ్బులు తీసేముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఎక్కడ కారుతోంది అన్నా?”