ఉప్పు చూడకుండా వండిన శాండ్‌విచ్

శుక్రవారం సాయంత్రమైతే చాలు, మా ఇంట్లో ఓ ఇనుప మూకుడు పొయ్యెక్కుతుంది. అందులో నేను వండుతాను, కానీ తినను. ఇదేం చోద్యం అంటారా? వినండి మరి.

మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో. మా అమ్మాయి క్లాస్‌మేట్ ఒకమ్మాయి కింది ఫ్లాట్‌లో ఉంటుంది. వాళ్ళమ్మ నర్సు. ఆవిడకు శుక్రవారాలు రాత్రి డ్యూటీ పడడంతో, ఆ పూట పిల్ల భోజనం మా ఇంట్లోనే. పప్పు, వేపుడు, కోడికూర అన్నీ చేసేదాన్ని. పదేళ్ళ పిల్ల, పాపం అప్పడాలు మాత్రం తిని "థాంక్యూ ఆంటీ" అని లేచేది.

"శుక్రవారం మీ అమ్మ ఏం చేసేదమ్మా?" అనడిగానో రోజు. "స్లాపీ జో!" అంది మొహం చాటంత చేసుకుని.

ఖీమాని టొమాటో కెచప్‌లో ఉడికించి, పైన చీజ్ పెట్టి, బన్నులో వేడివేడిగా తినేదే స్లాపీ జో. తింటుంటే చేతులనిండా కారుతుంది, పేరుకు తగ్గట్టే. అలసిపోయి ఇంటికొచ్చిన అమ్మలకు అరగంట వంట. 1969 నుంచి దాని సాస్ డబ్బాల్లో కూడా దొరుకుతోంది. చిక్కల్లా ఖీమాతోనే. అది బీఫ్. మేం వేటమాంసం, కోడి తింటాం గానీ, అది మా ఇంటి గడప తొక్కలేదు.

"టర్కీ కోడి ఖీమాతో చేసెయ్, చిన్నపిల్లకేం తెలుస్తుంది?" అన్నారు మావారు. చేశాను. సగం తిని, మిగతా సగం పేపర్ నాప్‌కిన్ కింద దాచింది. అది చూశాక నాకు అన్నం సహించలేదు.

తెనాలిలో ఉన్న మా అత్తగారికి భయం భయంగా ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదావిడ. తర్వాత, "పిల్ల మనింటికొచ్చి ఆకలితో పడుకుంటోందా? వేరే మూకుడు కొనుక్కో. పొయ్యి కడుక్కో. నువ్వు తినమాకు, దానికి పెట్టు" అన్నారు.

అలా వచ్చిందీ మూకుడు. మరి రుచి చూడకుండా వండడమెలా? ఉప్పు చూడకుండా మహానైవేద్యం వండే చేతులేగా మనవి! పైగా ఇక్కడ ఉప్పు చూసి చెప్పడానికి ఆ పిల్లే ఉంది. స్టూలెక్కి, చెంచాతో నాకి, "ఇంకొంచెం ఆంటీ" అంటుంది.

కావలసినవి (అయిదుగురికి): ఖీమా 450 గ్రాములు, ఉల్లిపాయ 1, కాప్సికం సగం, వెల్లుల్లి 2 రెబ్బలు, కెచప్ ముప్పావు కప్పు, ఆవపొడి అర టీస్పూను, బెల్లం పొడి 1 టేబుల్ స్పూను, ఉప్పు, మిరియాల పొడి, వెన్న, బన్నులు 5, చెడ్డార్ చీజ్ ముక్కలు 5.

తయారీ: మూకుడు బాగా వేడెక్కాక ఖీమా వేసి, గరిటెతో ఉండలు చిదుపుతూ ఎర్రగా వేయించండి. ఊరిన కొవ్వుని డబ్బాలోకి వంపెయ్యండి. సింకులో పోస్తే గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. ఉల్లి, కాప్సికం, వెల్లుల్లి సన్నగా తరిగి వేసి మగ్గనివ్వండి. కెచప్, ఆవపొడి, బెల్లం, ఉప్పు, మిరియాల పొడి, పావుకప్పు నీళ్ళు కలిపి, సన్నసెగ మీద పావుగంట ఉడికించండి. గరిటె జారుగా ఉంటే చాలు. బన్నుల్ని వెన్నతో కాల్చి, ఖీమా సర్ది, చీజ్ పరిచి, రెండు నిమిషాలు మూతపెడితే చీజ్ కరిగి అంచులమీదికి జారుతుంది.

ఒక్క జాగ్రత్త. మాంసాన్ని ఖీమా కొట్టేటప్పుడు పైనున్న సూక్ష్మక్రిములు లోపలిదాకా కలిసిపోతాయి. అందుకే బీఫ్ ఖీమా 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలంటారిక్కడ. రంగు చూసి నమ్మకండి.

మీరు వేట ఖీమాతో చేస్తే ముందు కుక్కర్లో మూడు విజిల్స్ రానివ్వండి. శాకాహారులైతే మీల్ మేకర్‌ని నానబెట్టి, గట్టిగా పిండి, నలిపి వేసుకోండి. మా అమ్మాయికీ మావారికీ నేను చేసేది కోడి ఖీమాతోనే, మామూలు బాణలిలో.

ఆ పిల్ల ఇప్పుడు నాప్‌కిన్ కింద ఏమీ దాచడం లేదు. శనివారం ఫోన్ చేస్తే అత్తగారు ముందడిగేది మా బాగోగులు కాదు. "రాత్రి ఆ పిల్ల కడుపునిండా తిందా?" అని.